నేరస్తుణ్ణి కట్టిన తాడు ప్రేమికుల చేతికి ఎలా వచ్చింది? జపాన్ కిన్‌బాకు కథ

జపాన్ సంప్రదాయ నాటకం కబుకి. దాని రంగస్థలం మీద నిండుగా పూసిన చెర్రీ చెట్టు. దానికి తాడుతో కట్టేసిన యువరాణి యుకి. పైనుంచి పూరేకులు మంచులా రాలి ఆమె పాదాల చుట్టూ కుప్ప పడుతుంటాయి. ఆమె గొప్ప చిత్రకారుడు సెష్షు మనవరాలు. చేతులు కదలవు కాబట్టి కాలి వేళ్లతోనే రేకుల్ని జరిపి ఎలుకల బొమ్మ గీస్తుంది. ఆ ఎలుకలకు ప్రాణం వచ్చి తాళ్లు కొరికి ఆమెను విడిపిస్తాయి. 1757లో ఒసాకాలో బొమ్మలాటగా మొదలై తర్వాత కబుకిలోకి వచ్చిన నాటకంలోది ఈ ఘట్టం. కబుకిలో అతి కష్టమైన మూడు యువరాణి పాత్రల్లో ఇది ఒకటని పేరు. ఆడవేషం వేసిన నటుడు చేతుల సాయం లేకుండా దుఃఖాన్నీ సొగసునీ ఒకేసారి పలికించాలి మరి.

మనిషిని తాడుతో కట్టే జపాన్ కళ కిన్‌బాకు గురించి ఎక్కడ చదివినా ముందుగా కనిపించే మాట 'ప్రాచీన సమురాయ్ విద్య'. నేనూ చాలాకాలం అదే నమ్మాను. చదివేకొద్దీ ఆ మాట సగమే నిజమని తెలిసింది. ఈ కళకు అసలు తల్లివేరు యుద్ధభూమిలో కంటే ఇలాంటి నాటక రంగంలోనే ఎక్కువగా ఉంది. దాని వయసు కూడా వేల ఏళ్లు కాదు, నూరేళ్ల పైచిలుకు. ఈ తేడాను పట్టించుకోవాలి. ఒక పద్ధతికి 'ప్రాచీనం' అనే ముద్ర పడితే దాన్ని ప్రశ్నించడం మానేస్తాం. ఇక్కడ మాత్రం ప్రశ్నలు అడగక తప్పదు. ఇది ఒక మనిషి తన శరీరాన్ని కదలకుండా చేసి మరో మనిషి చేతికి అప్పగించే వ్యవహారం.

ముందు పేర్ల సంగతి. 'షిబారు' అంటే జపనీస్‌లో కట్టడం. పార్సిల్ కట్టినా, పాత పేపర్లు కట్ట కట్టినా అదే క్రియ. దాని నుంచి వచ్చిందే 'షిబారి'. బయటి దేశాల్లో ఈ మాటే వ్యాపించింది. జపాన్‌లో ఈ కళను ప్రత్యేకంగా చెప్పాలంటే 'కిన్‌బాకు' అంటారు. బిగించి కట్టడం అని అర్థం. కట్టేవాళ్లను 'బకుషి' అనీ, 'నవాషి' అనీ పిలుస్తారు. 'నవా' అంటే తాడు.

ఇప్పుడు ఆ సమురాయ్ కథలో ఉన్న సగం నిజం చూద్దాం. ఎడో కాలంలో, అంటే 1603 నుంచి 1868 వరకు, జపాన్‌లో నేరస్తుల్ని తాడుతో బంధించే విద్య ఒకటి ఉండేది. దాని పేరు హోజోజుత్సు. దానికి గురువులున్నారు, ఎన్నో శాఖలున్నాయి, రహస్యంగా దాచుకున్న పద్ధతులున్నాయి. పారిపోయేవాణ్ణి అక్కడికక్కడ పట్టి కట్టే త్వరిత బంధం వేరు, విచారణకో శిక్షకో తీసుకెళ్లేటప్పుడు తీరిగ్గా వేసే అసలు బంధం వేరు. కట్టబడినవాడు సమురాయా, రైతా, పూజారా, స్త్రీయా అన్నదాన్ని బట్టి కట్టు మారేది. వీధిలో నడిపించుకు వెళ్తుంటే తాడు అమరిక చూసి వాడి స్థాయి చెప్పేయవచ్చు. బందీ తప్పించుకోకూడదు, గాయపడకూడదు, కట్టిన రహస్యం చూసేవాళ్లకు తెలియకూడదు, చూడటానికి పొందికగా ఉండాలి అన్నవి ఆ విద్యలో నియమాలుగా చెప్తారు. నన్ను ఆపేసింది ఆ చివరి నియమం. ఒక పోలీసు పనికి అందంతో పనేమిటి? బంధనం అప్పట్లో బహిరంగ ప్రదర్శన కూడా అన్నదే జవాబు. 'తాడు ముడుల అవమానం' అనే అర్థం వచ్చే నుడికారం జపనీస్‌లో ఇప్పటికీ ఉంది. తాడు ఒంటి మీద పడటమే పరువు పోవడం.

మరో పక్క చీకటి కూడా ఉంది. ఎడో ప్రభుత్వం నేరం ఒప్పించడానికి నాలుగు రకాల హింసను అధికారికంగా వాడేది: కొరడా దెబ్బలు, మోకాళ్ల మీద రాతిపలకల బరువు, ఒంటిని రొయ్యలా ముందుకు వంచి కట్టేయడం, చేతులు వెనక్కి కట్టి వేలాడదీయడం. చివరి రెండూ తాడుతో చేసేవే. ఫ్రెంచ్ న్యాయవేత్త బోయిసొనాడ్ లాంటి వాళ్లు గట్టిగా అడ్డుచెప్పాక 1879లో, ఎడో తర్వాత వచ్చిన మెయిజీ ప్రభుత్వం చిత్రహింసను రద్దు చేసింది. ఇవాళ కిన్‌బాకులో కనిపించే కొన్ని భంగిమలకు ఇప్పటికీ ఆ హింసల పేర్లే ఉన్నాయి. రొయ్య భంగిమను 'ఎబి' అనే అంటారు. ఈ పేర్లు పలికేటప్పుడు అవి ఎక్కడి నుంచి వచ్చాయో గుర్తుండాలని నాకు అనిపిస్తుంది.

అయితే ఆ పోలీసు గురువుల నుంచి ఇప్పటి నవాషిల దాకా తెగని శిష్యపరంపర ఏదీ లేదు. మెయిజీ కాలంలో సంకెళ్లు వచ్చాయి, తాళ్ల విద్య అడుగున పడింది. పాత శిక్షల బొమ్మలు మాత్రం పుస్తకాల్లో మిగిలాయి. నాటకాల్లో కట్టబడిన యువరాణులు మిగిలారు. సవతితల్లి మంచులో పడేసి కొట్టించే చూజో యువరాణి కథ, ఇందాక చెప్పిన యుకి కథ ఆడుతూనే ఉన్నాయి. తాడు న్యాయస్థానం నుంచి నాటకంలోకి, అక్కడి నుంచి ఒక బాలుడి ఊహలోకి నడిచింది.

ఆ బాలుడు ఇతో సెయు. 1882లో టోక్యోలోని అసకుసాలో పుట్టాడు. పెద్దయ్యాక నాటకశాలలకూ పత్రికలకూ బొమ్మలు వేసి బతికాడు. కనుమరుగవుతున్న ఎడో నగరపు వీధి జీవితాన్ని, వేషాల్ని, వృత్తుల్ని ఎంతో ఓపికగా బొమ్మల్లో నమోదు చేశాడు. ఆ పనికే ఆయన్ని గౌరవించేవాళ్లు ఉన్నారు. అదే చేత్తో ఆయన జీవితాంతం గీసింది కట్టబడిన స్త్రీలను. నాటకంలో చూసిన ఆ వేదనా సౌందర్యం ఆయన్ని వదల్లేదు. అసలు మనుషుల్ని కట్టి, పరిశీలించి, ఫొటో తీసి, ఆ తర్వాత గీసేవాడు.

ఆయన చేసిన ఒక పని ప్రతి చరిత్రలోనూ కనిపిస్తుంది. యోషితోషి అనే చిత్రకారుడు 1885లో చెక్క అచ్చుతో వేసిన ప్రసిద్ధ చిత్రం ఒకటుంది. అదాచి మైదానంలోని ఒంటరి ఇంట్లో ఒక గర్భిణిని తలకిందులుగా వేలాడదీసి ఉంటారు, కింద ముసలి రాక్షసి కత్తి నూరుతూ ఉంటుంది. అలా వేలాడితే శరీరం నిజంగా ఎలా కనిపిస్తుందో తెలుసుకోవాలని సెయు 1920ల మొదట్లో నిండు గర్భిణి అయిన తన భార్య కిసెను అలాగే వేలాడదీసి ఫొటో తీయించాడు. ఆమె ఒప్పుకుందనే రాస్తారు. ఆ కాలపు ఇంట్లో, ఆ స్థితిలో ఉన్న భార్య అన్న 'సరే'కి ఎంత స్వేచ్ఛ ఉందో నేను నిర్ణయించలేను. కానీ ఈ కళకు పితామహుడని పిలిచే మనిషి కథ ఇక్కడే మొదలవుతుందని దాచకుండా చెప్పాలి. 1928లో ఆయన హింసాభంగిమల మీద వేసిన పుస్తకాన్ని ప్రభుత్వం నిషేధించింది. 1961లో చనిపోయాడు.

సెయు ఒంటరివాడు కాదు. ఆయన కాలపు జపాన్‌లో సైన్స్ పేరుతో లైంగికత గురించి చర్చ జోరుగా నడిచింది. పడమటి మనోవైద్యుడు క్రాఫ్ట్-ఎబింగ్ రాసిన లైంగిక మనస్తత్వ గ్రంథం 1913లో కొత్త జపనీస్ అనువాదంగా వచ్చింది. మామూలుకు భిన్నమైనది అనే అర్థంలో 'హెంతాయ్' అన్న మాట పత్రికల్లో ఫ్యాషన్ అయింది. అంటే పడమటి వైద్యుల పదజాలం, ఎడో నాటక దృశ్యాలు, ఫొటో కెమెరా మూడూ కలిసిన చోట కిన్‌బాకు పుట్టింది. పూర్తిగా స్వదేశీ అనలేం, దిగుమతి అని కూడా అనలేం.

అసలు విస్తరణ మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. ఓడిపోయిన, ఆకలితో ఉన్న దేశంలో, పాత సెన్సారు పోయి చౌక కాగితం మీద వందల కొద్దీ పత్రికలు పుట్టాయి. వాటిని కసుతోరి పత్రికలు అనేవాళ్లు. కసుతోరి అంటే నాసిరకం సారా. ఆ సారా మూడు 'గో'లు తాగితే మనిషి పడిపోతాడు. 'గో' అంటే ఒక కొలత, పత్రిక సంచిక కూడా 'గో'నే. మూడో సంచికకే మూతపడే పత్రికలకు అందుకే ఆ పేరు. 1947లో ఒసాకాలో మొదలైన 'కితాన్ క్లబ్' వాటిలో ఒకటి, కానీ మూతపడలేదు. 1970ల దాకా బతికింది. దాన్ని నిలబెట్టిన వాళ్లలో సుమా తోషియుకి ముఖ్యుడు. సంపాదకుడూ ఆయనే, రచయితా ఆయనే, మినొమురా కో అనే పేరుతో కట్టేవాడూ ఆయనే. కితా రేయికో అనే ఆడ పేరుతో బొమ్మలు వేసిందీ ఆయనే. తర్వాత 'ఉరమాదో' అనే మరో పత్రిక నడిపాడు.

ఈ పత్రికల్లో నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచేవి బొమ్మలు కాదు, పాఠకుల ఉత్తరాలు. ఎక్కడో చిన్న ఊళ్లో ఉండి, ఈ కోరిక తనొక్కడికే ఉందని, తనకేదో జబ్బని అనుకుంటూ బతికిన మనిషి, తనలాంటి మరొకరి ఉత్తరం అచ్చులో చూసినప్పటి ఊరటను ఊహించండి. మారుపేర్లతో వాళ్లు అనుభవాలు రాసుకున్నారు, వాదించుకున్నారు, ఏ కట్టు సహజం, ఏది బూటకం అని విమర్శించుకున్నారు. 'కిన్‌బాకు' అనే మాట ఈ అర్థంలో స్థిరపడింది ఆ పేజీల్లోనే. ఒక సమూహం కాగితం మీదే తయారైంది.

ఆ తర్వాతి కథ తెలిసిన దారిలోనే సాగింది. 1960ల నడుమ ఒసాదా ఎయికిచి దీన్ని వేదిక మీదకు తెచ్చాడు. కితాన్ క్లబ్‌లో ధారావాహికలు రాసిన దాన్ ఒనిరోకు నవల 1974లో నిక్కత్సు స్టూడియో సినిమాగా వచ్చి బాగా ఆడింది. సినిమాలకూ పత్రికలకూ తాళ్లు కట్టే వృత్తి నిపుణులు తయారయ్యారు. నురేకి చిముఓ 1985లో కిన్‌బాకు సౌందర్యాన్ని అధ్యయనం చేసే ఒక బృందం పెట్టాడు. అకేచి దెంకి వేదిక మీద భావోద్వేగానికి పేరు పొందాడు. ఇంటర్నెట్ వచ్చాక యూరప్, అమెరికాల నుంచి శిష్యులు టోక్యోకు రావడం మొదలైంది. వాళ్లతో పాటే 'ప్రాచీన సమురాయ్ కళ' అన్న మాట కూడా ఊరేగింది. పడమటి వాళ్లకు ఆ మాట ఎందుకు నచ్చిందో అర్థమవుతుంది. తమ కోరికకు తూర్పు దేశపు సంప్రదాయం తోడైతే సిగ్గు కాస్త తగ్గుతుంది.

ఇక తాడు గురించి. సాధారణంగా ఆరు మిల్లీమీటర్ల మందం, ఏడెనిమిది మీటర్ల పొడవు, మూడు పేటల పురి. జనపనారతో చేసినదే ఎక్కువ వాడతారు. మన గోనెసంచుల నారే అది. ప్రపంచంలో పండే జనపనారలో చాలా భాగం మన దేశంలోనూ బంగ్లాదేశ్‌లోనూ పండుతుంది. కొత్త తాడు గరుకుగా, పీచు లేచి ఉంటుంది. దాన్ని ఉడకబెడతారు, లాగిపట్టి ఆరబెడతారు, మంట మీద చకచకా జరుపుతూ పైపీచు కాల్చేస్తారు, ఆపైన నూనె పట్టిస్తారు. నైలాన్ తాడు నున్నగా జారిపోతుంది. జనపనార తాడు తన మీద తానే పట్టు నిలుపుకుంటుంది. అందుకే కిన్‌బాకులో మనం అనుకున్నన్ని ముడులు ఉండవు. తాడును సగానికి మడిచి, చుట్టి, కింద నుంచి దూర్చి, వెనక్కి మళ్లిస్తారు. బిగువును రాపిడే పట్టి ఉంచుతుంది. ముడులు తక్కువ కాబట్టి త్వరగా విప్పవచ్చు కూడా.

అన్నిటికీ మూలమైన కట్టు 'తకాతే కోతే'. చేతులు వీపు వెనక మడిచి, ముంజేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, భుజాల కింద నుంచి ఛాతీ చుట్టూ తాడు తిప్పుతారు. పడమటి పాత ఫొటోల్లో తాడు పని కదలనివ్వకపోవడం, అంతే. ఇక్కడ తాడు ఒక గీత లాంటిది. కిమోనో మడతల మీద, వంగిన మెడ పక్కన అది ఎక్కడ సాగుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నదే చూస్తారు. రెండు వైపులా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండటం కంటే కాస్త ఒరిగి, కాస్త చెదిరి ఉండటమే వాళ్లకు అందం.

మరి ఎవరికైనా కట్టించుకోవాలని ఎందుకు అనిపిస్తుంది?

బయటి నుంచి చూస్తే నొప్పి, అవమానం కనిపిస్తాయి. లోపలి నుంచి చెప్పేవాళ్ల మాటల్లో ఎక్కువగా వినిపించేది విశ్రాంతి. రోజంతా ఇంట్లో, ఆఫీసులో నిర్ణయాలు తీసుకుంటూ టెన్షన్‌తో గడిపే మనిషికి, ఒక గంటసేపు ఏ నిర్ణయమూ తన చేతిలో లేకపోవడం పెద్ద సెలవు. చేతులు కదలవు కాబట్టి ఫోన్ తీయలేరు, జుట్టు సర్దుకోలేరు, ముఖం దాచుకోలేరు. మిగిలేది శ్వాస, తాడు, ఎదుటి మనిషి. పసిపిల్లను పొత్తిళ్లలో గట్టిగా చుడితే ఏడుపు ఆపి నిద్రపోతుంది. ఒళ్లంతా సమంగా పడే ఒత్తిడి పెద్దవాళ్లలోనూ కొందరికి అలాంటి నెమ్మదినే ఇస్తుంది. ఇంకొందరికి కావలసింది ఆ సిగ్గే. పరువు కోసం ముఖం మీద ఎప్పుడూ ఒక తెర వేసుకుని బతికే సమాజంలో, ఆ తెర తీసేసి కనబడటం, కనబడినా తిరస్కారం ఎదురు కాకపోవడం. కిన్‌బాకులో జపనీయులు సిగ్గుకు ఇచ్చినంత చోటు మరెక్కడా చూడం.

కట్టేవాళ్లకూ ఒక అనుభవం ఉంది. మంచి బకుషి చూపు తాడు మీద కంటే ఎదుటి మనిషి శ్వాస మీద ఉంటుంది. ఊపిరి ఎక్కడ ఆగింది, భుజం ఎక్కడ సడలింది, వేళ్ల రంగు మారిందా అని క్షణక్షణం గమనించాలి. అంత ఏకాగ్రతతో మరో మనిషిని చూసే సందర్భాలు మన రోజువారీ జీవితంలో ఎన్ని ఉంటాయి? అందరికీ ఇది శృంగారం కూడా కాదు. కొందరికి ధ్యానం, కొందరికి నృత్యం, కొందరికి చేతిపని.

ఇది మానసిక రోగమా అన్న ప్రశ్నకు వైద్యం తన జవాబు మార్చుకుంది. 2013లో అమెరికా మనోవైద్యుల నిర్ధారణ గ్రంథం ఐదో కూర్పు, భిన్నమైన కోరిక ఉండటం వేరు, దాని వల్ల తనకు వేదనో ఇతరులకు హానో కలిగే రుగ్మత వేరు అని విడదీసింది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా పదకొండో కూర్పు, పెద్దల మధ్య ఇష్టంతో జరిగే ఇలాంటి వాటిని వ్యాధుల్లోంచి తీసేసింది. 2013లో నెదర్లాండ్స్ పరిశోధకులు బంధనం, ఇష్టంతో మరొకరి అధీనంలోకి వెళ్లడం లాంటివి ఇష్టపడే 902 మందిని మరో 434 మందితో పోల్చి చూశారు. మొదటి గుంపు మానసిక ఆరోగ్యంలో తీసిపోలేదు. కొన్ని అంశాల్లో మెరుగ్గానే ఉంది. ఇష్టపడి ముందుకొచ్చి జవాబులిచ్చిన వాళ్ల లెక్క కాబట్టి దీన్ని మరీ ఎక్కువ సాగదీయకూడదు. కానీ వీళ్లంతా గాయపడిన మనసులే అన్న పాత నమ్మకానికి ఆధారం దొరకలేదన్నది మాత్రం స్పష్టం.

ప్రమాదం గురించి మెత్తగా మాట్లాడటం నాకు ఇష్టం లేదు. పై చేతి ఎముకను చుట్టుకుని ఒక నాడి కిందికి దిగుతుంది, దాన్ని రేడియల్ నాడి అంటారు. తకాతే కోతేలో తాడు పడేది సరిగ్గా ఆ దారిలోనే. అక్కడ నొక్కు పడితే మణికట్టు పైకి లేవదు, చెయ్యి వాడిపోయిన కాడలా వేలాడుతుంది. తాగిన మత్తులో కుర్చీ చేతి మీద చెయ్యి వేసి నిద్రపోయిన వాళ్లకు వచ్చే చచ్చుబాటు కూడా ఇదే. కోలుకోవడానికి వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. చాలాసార్లు నొప్పి ఉండదు, తిమ్మిరి మాత్రమే ఉంటుంది, 'ఓర్చుకుందాంలే' అనుకునేలోపు నష్టం జరిగిపోతుంది. గాల్లో వేలాడదీస్తే బరువంతా ఆ తాళ్ల మీదే పడుతుంది కాబట్టి అపాయం ఎన్నో రెట్లు. మెడకు తాడు తగలనివ్వడం అన్నిటికంటే ఘోరం. 2011లో రోమ్‌లో అలాంటి ఆటలోనే ఒక యువతి ప్రాణం పోయింది. అందుకే తెలిసినవాళ్లు బట్ట కోసే మొండిమొన కత్తెర చేతికందేంత దూరంలో పెట్టుకుంటారు, కట్టిన మనిషిని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలరు, మధ్యమధ్యలో మణికట్టు వెనక్కి వంచమని అడిగి చూస్తారు. వీడియో చూసి వేలాడదీయడం నేర్చుకోవచ్చు అనుకోవడం తెలివితక్కువ.

తాడు కంటే పెద్ద ప్రమాదం అధికారంలో ఉంది. ప్రపంచ ప్రసిద్ధుడైన ఫొటోగ్రాఫర్ అరాకి నొబుయోషి తీసిన, కట్టబడిన స్త్రీల చిత్రాలు పెద్ద పెద్ద మ్యూజియాలకు ఎక్కాయి. ఆయన దగ్గర పదిహేనేళ్లు మోడల్‌గా పనిచేసిన ఒక నర్తకి 2018లో తన అనుభవాన్ని బయటపెట్టింది. ఒప్పందం అంటూ ఏదీ లేదని, తన చిత్రాలను తనను అడగకుండా వాడుకున్నారని రాసింది. ఆ ఫొటోల్లో తాళ్ల బిగువునూ కాంతినీ పొగిడిన విమర్శకులెవరూ, ఇందులో ఆ అమ్మాయికి దక్కిందేమిటి అని అడగలేదు. కిసె నుంచి ఈ నర్తకి దాకా అదే ప్రశ్న. ఇష్టం అనేది మొదట్లో ఒకసారి సంతకం పెట్టి మర్చిపోయేది కాదు. ఏది సరే, ఏది వద్దు, ఏ మాట అంటే వెంటనే ఆపాలి అన్నవి తాడు చేతిలోకి తీసుకోకముందే మాట్లాడుకోవాలి. మధ్యలో ఎప్పుడైనా మనసు మార్చుకునే వీలుండాలి. ఆ వీలు లేకపోతే అది ఎడో జైలు గదిలో జరిగినదే, గది మారిందంతే.

చివరి తరం గురువుల్లో యుకిమురా హరుకి అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. 2016లో కన్నుమూశాడు. వేదికలు, వేలాడదీయడాలు ఆయన దారి కాదు. చాప మీద ఎదురెదురుగా, కొన్నిసార్లు ఒకే ఒక్క తాడుతో, ఒంటిని నిమురుతున్నట్టు కట్టేవాడు. ఆయన పద్ధతికి 'ఐబునవా' అని పేరు. లాలించే తాడు అని చెప్పుకోవచ్చు. కష్టమైన కట్టు ఒక్కటీ అందులో లేకపోయినా చూసేవాళ్లు ఊపిరి బిగబట్టేవాళ్లు.

విప్పడాన్ని కూడా ఇందులో కట్టినంత శ్రద్ధగా చేస్తారు. తాడును గబగబా లాగేయరు. ఒక్కో చుట్టూ వదులవుతుంటే చేతుల్లోకి రక్తం తిరిగొస్తుంది, తాడు పడిన చోట చర్మం మీద పురి అచ్చు ఎర్రగా మిగులుతుంది. కాసేపు ఇద్దరూ అలాగే కూర్చుంటారు. ఆ అచ్చు చాలావరకు కొన్ని గంటల్లో పోతుంది. తాడును మళ్లీ సగానికి మడిచి, చుట్ట చుట్టి పక్కన పెడతారు.